ఏడింటికల్లా ఊడ్చిన దారి

ఫిన్లండ్‌లో, బోత్నియా అఖాతం ఒడ్డున, ఔలు అనే ఊరుంది. 65వ అక్షాంశం మీద, ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన. జనాభా రెండు లక్షల పైచిలుకు. మన లెక్కలో ఓ మాదిరి జిల్లా కేంద్రం. డిసెంబరు మూడో వారంలో అక్కడ పగలు మూడున్నర గంటలే. జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 9, 10 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. చలి ముదిరిన రోజుల్లో మైనస్ 25 దాకా దిగుతుంది. ఆ ఊళ్లోని మెత్సోకంగస్ బడిలో 1,200 మంది పిల్లలుంటే, మైనస్ 17 డిగ్రీల రోజున కూడా దాదాపు వెయ్యి మంది సైకిళ్ల మీదే వచ్చారు. బడి ముందు మంచులో బారులు తీరిన ఆ సైకిళ్ల ఫొటోలు కొన్నేళ్ల కిందట ప్రపంచమంతా తిరిగాయి.

చూసినవాళ్లలో చాలామంది ‘ఆ జనం చలికి పుట్టినవాళ్లు, మనవల్ల అవుతుందా’ అనేసి ఊరుకున్నారు. ఈ మాట నేను ఒప్పుకోను. ఔలు పిల్లల ఒంట్లో పుట్టే వేడి ఆదిలాబాద్ పిల్లల ఒంట్లో పుట్టే వేడికన్నా ఎక్కువేం కాదు. చలిని గెలిచే ఏర్పాటు ప్రతి మనిషి ఒంట్లోనూ ఉంది. ఒళ్లు గెలవలేనిది జారుడును. దాన్ని గెలవాల్సింది ఊరు. చలికాలపు సైకిల్ గురించి భౌతికశాస్త్రం, శరీరశాస్త్రం రెండూ కలిసి చెప్పేది ఇదే.

ముందు చలి సంగతి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి పోతుంటుంది. అదే మనిషి చదునైన దారిలో గంటకు 16-18 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కాలంటే పెడళ్లకు ఓ 75 వాట్లు అందించాలి. కండరాలు తాము ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు మాత్రమే పనిగా మార్చగలవు. మిగిలిందంతా వేడే. అంటే తొక్కుతున్నంతసేపూ ఒళ్లు 225 నుంచి 300 వాట్ల వేడిని పుట్టిస్తుంది. బస్టాపులో నిలబడి వణికే మనిషికన్నా అతని పక్కనుంచి సైకిల్ మీద వెళ్లేవాడు హాయిగా ఉండటానికి కారణం ఇదే.

కాబట్టి చలిదేశాల్లో కొత్తగా సైకిలెక్కినవాళ్లను ఇబ్బంది పెట్టేది చాలాసార్లు చలి కాదు, చెమట. స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద మందపాటి కోటు వేసుకుని బయల్దేరితే పది నిమిషాల్లో లోపలి బట్ట తడిసిపోతుంది. నూలు బట్టయితే ఆ తడిని పట్టుకుని ఉంచుతుంది. తడిబట్ట పొడిబట్టకన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. దానికితోడు ఒక్కో గ్రాము చెమట ఆవిరవడానికి దాదాపు 2,400 జౌళ్ల వేడిని ఒంటినుంచి తీసుకుంటుంది. తొక్కుతున్నంతసేపు తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడో, ఆఫీసు ముందు తాళం వేస్తున్నప్పుడో ఒక్కసారిగా వణుకు పుడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు రెండో కిలోమీటరుకు సరిపడా బట్టలు వేసుకుంటారు. మొదటి కిలోమీటరు కాస్త వణికినా సరే. ఒంటికి ఆనుకుని పల్చటి ఉన్ని బనీను, మధ్యలో గాలిని పట్టి ఉంచే పొర, పైన గాలి చొరని తేలికపాటి జాకెట్టు. మనవైపు నుంచి ఉత్తర దేశాలకు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లే పిల్లలు పెట్టెనిండా నూలు బనీన్లు సర్దుకుంటారు. ఒక్క ఉన్ని బనీను వాటిలో సగానికి పైగా పనిచేస్తుంది.

గాలి సంగతి వేరు. నిశ్చలంగా ఉన్న గాలిలో కూడా సైకిల్ తొక్కేవాడికి ఎదురుగాలి తప్పదు. తన వేగమే గాలి. చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండే వెచ్చటి గాలిపొరను అది ఊడ్చేస్తుంది. దీన్ని మొదటిసారి కొలిచినవాళ్లు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్. 1941లో అంటార్కిటికా స్థావరంలో నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టాన్ని ఆరుబయట వేలాడదీసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసి లెక్క కట్టారు. అమెరికా, కెనడా 2001లో ఆ లెక్కను సవరించి ఇప్పటికీ వాడుతున్నాయి. దాని ప్రకారం మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే ముఖానికి మైనస్ 18 అనిపిస్తుంది. మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదముంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఈ లెక్క కప్పుకోని చర్మానికే. ఎంత గాలి వీచినా సైకిల్ హ్యాండిల్ మైనస్ 10 కంటే చల్లబడదు, కోటు లోపలి ఒంటికి ఆ సంఖ్యతో పనిలేదు.

అన్నిటికన్నా ముందు ఓడిపోయేవి వేళ్లు. చలి తగలగానే మెదడు గుండెను, కాలేయాన్ని కాపాడుకోవడానికి చేతులకు, పాదాలకు వెళ్లే సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. వేళ్లు తెల్లబడి మొద్దుబారతాయి. సైకిల్ మీద అవి కదలకుండా ఎదురుగాలిలో ఉంటాయి, వేడిని పుట్టించే పెద్ద కండరాలు వాటిలో లేవు. అయితే ఇక్కడే ఒళ్లు చేసే ఒక చక్కటి పని ఉంది. బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ ఐసునీళ్లలో వేళ్లు ముంచి వాటి ఉష్ణోగ్రతను వరుసగా నమోదు చేసి, 1930లో ప్రచురించాడు. మొదటి ఐదు పది నిమిషాలు వేలు చల్లబడుతూనే పోయింది. ఆ తరవాత దానంతటదే వెచ్చబడింది. మళ్లీ చల్లబడింది, మళ్లీ వెచ్చబడింది. బిగిసిన నాళాలు ఉండుండి తెరుచుకుని వేళ్లకు వెచ్చటి రక్తం పంపి, అవి చచ్చుబడకుండా కాపాడుతున్నాయన్నమాట. చలికాలపు ఉదయం పావుగంట తొక్కాక వేళ్లలో సూదులతో పొడిచినట్టు మంటపుట్టి, ఆ వెంటనే వెచ్చదనం పాకటం చలిదేశాల్లో సైకిల్ తొక్కే ప్రతివాళ్లకూ తెలుసు. ఒళ్లంతా వెచ్చగా ఉంటే ఇది త్వరగా వస్తుంది, ఒళ్లు చల్లగా ఉంటే రాదు. అంటే వేళ్లు వెచ్చగా ఉండాలంటే ముందు ఛాతీ వెచ్చగా ఉండాలి. వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజులకన్నా నాలుగు వేళ్లనూ ఒకే సంచిలో ఉంచేవి మేలు. గాలికి తగిలే ఉపరితలం తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు నోటికి అడ్డంగా మఫ్లరు కట్టుకోవాలి. పొడి చలిగాలి నోటిద్వారా నేరుగా లోపలికి పోతే శ్వాసనాళాలు బిగుసుకుంటాయి.

ఇంతవరకూ మనిషి చేతిలో ఉన్నది. ఇక నేల సంగతికి వద్దాం.

ఐసు ఎందుకు జారుతుందన్న ప్రశ్న నూట డెబ్భై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలను వదలలేదు. 1850లో మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యసిస్తూ, రెండు ఐసుముక్కల్ని ఒకదానికొకటి ఆనిస్తే అతుక్కుపోవడం గురించి చెప్పాడు. సున్నాకు దిగువన కూడా ఐసు పైన పల్చటి ద్రవపు పొర ఉంటుందని, రెండు పొరలు కలిసి గడ్డకట్టడం వల్లే అవి అతుక్కుంటున్నాయని ఆయన ఊహ. అది నిజమని తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఈలోగా పాఠ్యపుస్తకాల్లో మరో వివరణ స్థిరపడిపోయింది: బరువు వల్ల కలిగే పీడనానికి ఐసు కరుగుతుందని. 1886లో జాన్ జోలీ స్కేటింగ్‌కు చెప్పిన వివరణ అది. సైకిల్‌కు దీన్ని అన్వయించి చూద్దాం. టైరు నేలమీద మోపే పీడనం దాదాపు దాని లోపలి గాలి పీడనమంతే ఉంటుంది, ఓ నాలుగు అట్మాస్ఫియర్లు అనుకుందాం. ఒక్కో అట్మాస్ఫియరుకు ఐసు కరిగే ఉష్ణోగ్రత 0.0074 డిగ్రీలు తగ్గుతుంది. నాలుగింటికి 0.03 డిగ్రీలు. మైనస్ 5లో ఉన్న ఐసును కరిగించడానికి ఇది ఏ మూలకూ చాలదు.

1939లో బౌడెన్, హ్యూజ్ అనే ఇద్దరు ఘర్షణ పుట్టించే వేడివల్ల నీటిపొర ఏర్పడుతుందని చూపించారు. జారే స్కీకి అది సరిపోతుంది. కానీ కదలకుండా నిలబడ్డ మనిషి కాళ్లు కూడా జారతాయి కదా. 2018లో ఆమ్‌స్టర్‌డామ్, మైన్జ్ పరిశోధకులు మళ్లీ ఫారడే చెప్పిన చోటికే వచ్చారు. ఐసు లోపలి ప్రతి నీటి అణువూ నాలుగు పొరుగు అణువులతో బంధం కట్టుకుని ఉంటుంది. ఉపరితలం మీద ఉన్నవాటికి పైన పొరుగువాళ్లు లేరు. కొన్నిటికి మూడు బంధాలు, కొన్నిటికి రెండే. రెండే ఉన్నవి పళ్లెంలో పోసిన ఆవాల్లా ఇటూ అటూ దొర్లుతుంటాయి. చలి ముదిరేకొద్దీ వాటి కదలిక తగ్గుతుంది. మైనస్ 100 దగ్గర ఐసుకు జారే గుణమే దాదాపు ఉండదు.

సైకిల్ తొక్కేవాడికి ఇందులోంచి తేలేది, మన ఊహకు పూర్తి విరుద్ధమైన సంగతి. మైనస్ 15 కన్నా సున్నా డిగ్రీలు ప్రమాదం. గడ్డకట్టే చలిలో మంచు పొడిపొడిగా, గట్టిగా ఉంటుంది. మైనస్ 10 దిగువన దాని మీద చక్రం నడిస్తే కిర్రుకిర్రుమని చప్పుడొస్తుంది. మంచు రేణువులు కరిగి జారిపోకుండా విరిగే చప్పుడు అది. ఆ చప్పుడు వినపడుతున్నంతసేపు టైరుకు పట్టు దొరుకుతున్నట్టే. అదే సున్నా దగ్గర మధ్యాహ్నం కరిగిన మంచు సాయంత్రానికి గాజుపలకలా బిగుస్తుంది, దాని మీద పల్చగా నీళ్లు నిలుస్తాయి.

తేడా ఎంతో అంకెల్లో చూడండి. పొడి తారురోడ్డు మీద టైరుకు ఘర్షణ గుణకం దాదాపు 0.7. గట్టిగా అణిగిన మంచు మీద 0.2 నుంచి 0.3. తడి ఐసు మీద 0.1, అంతకన్నా తక్కువ. పది మీటర్ల వ్యాసార్థమున్న మలుపును తారురోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగం దాకా జారకుండా తిరగొచ్చు. తడి ఐసు మీద 11 దాటితే పడిపోవడం ఖాయం. 18 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే పొడిరోడ్డు మీద రెండు, రెండున్నర మీటర్లలో ఆగే సైకిల్, తడి ఐసు మీద పన్నెండు మీటర్లకు పైగా పోతుంది.

రెండు చక్రాల బండికి ఇంకో చిక్కుంది. సైకిల్ నిలబడేదే హ్యాండిల్ చిన్నచిన్నగా తిప్పుతుండటం వల్ల. ఎటు ఒరిగితే అటు ముందు చక్రాన్ని తిప్పి, చక్రాలను మళ్లీ మన బరువు కిందికి తెచ్చుకుంటాం. ఇది ఆలోచించకుండానే జరిగిపోతుంది. ముందు చక్రానికి నేలమీద పక్కవాటు పట్టు ఉంటేనే ఇది సాధ్యం. ఐసు మీద హ్యాండిల్ తిరుగుతుంది గాని చక్రం అటు పోదు. వెనక చక్రం జారితే సర్దుకునే వ్యవధి కొంత దొరుకుతుంది. ముందు చక్రం జారితే, పడ్డామని తెలిసేలోపే నేలమీద ఉంటాం. అందుకే ఐసు మీద ముందు బ్రేకు వేయొద్దని, మలుపులో అసలే బ్రేకు పట్టొద్దని చెబుతారు. ఫిన్లండ్ సైకిళ్లలో చాలావాటికి పెడళ్లను వెనక్కి తొక్కితే వెనక చక్రపు ఇరుసు లోపలే పట్టే బ్రేకు ఉంటుంది. ఐసు, బురద దాని దరికి చేరవు.

ఐసును జయించే సాధనం మేకుల టైరు. టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఉన్న చిన్న మేకులు రబ్బరులో దిగ్గొట్టి ఉంటాయి. బరువంతా కొన్ని చదరపు మిల్లీమీటర్ల మీద పడటంతో అవి ఐసులోకి దిగబడతాయి. సెల్‌ఫోన్ల వల్ల మనకు బాగా తెలిసిన నోకియా పూర్వచరిత్రలో ఒక రబ్బరు ఫ్యాక్టరీ ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి మంచు టైరును 1934లో లారీల కోసం తయారు చేసింది ఆ ఫ్యాక్టరీయే. 1967లో ఆ ఫ్యాక్టరీ, కేబుళ్ల కంపెనీ, కాగితపు కంపెనీ కలిసి నోకియా కార్పొరేషన్‌గా ఏర్పడ్డాయి. టైర్ల వ్యాపారం తరవాత వేరుపడి నోకియన్ పేరుతో సాగింది. ఆ పేరుతో సైకిళ్లకూ మేకుల టైర్లు వచ్చాయి.

మిగిలిన బండికి కూడా చలి తగులుతుంది. ఇరవై డిగ్రీల గదిలో నాలుగు బార్లు కొట్టిన గాలి మైనస్ 10లోకి రాగానే మూడున్నరకు దిగుతుంది. ట్యూబుకు చిల్లేమీ పడలేదు; పరమ ఉష్ణోగ్రత 293 నుంచి 263కి తగ్గిందంతే. మంచు మీద ఇది మంచిదే, టైరు కాస్త వెడల్పుగా ఆనుతుంది. అదే మైనస్ 10 గాలి మన వేసవి 30 డిగ్రీల గాలికన్నా 15 శాతం చిక్కన, ఎదురుపోటూ అంతే పెరుగుతుంది. గ్రీజు చిక్కబడుతుంది. ఫ్రీవీల్‌లో తడి చేరి గడ్డకడితే లోపలి పళ్లు పట్టుకోవు, పెడల్ తిరుగుతూనే ఉంటుంది గాని బండి కదలదు. అందుకే వెచ్చటి ఇంట్లో రాత్రంతా పెట్టి, మంచు కరిగి తడిగా ఉన్న బండిని అలాగే బయటికి తేవడంకన్నా, చలి షెడ్డులోనే ఉంచడం మేలు. బ్యాటరీ సైకిళ్లయితే బ్యాటరీ ఒక్కటి ఊడదీసి ఇంట్లో పెట్టుకోవాలి. సున్నాకు దిగువన లిథియం బ్యాటరీని చార్జింగ్ పెడితే లోపల లిథియం లోహపు పూతగా పేరుకుని అది శాశ్వతంగా దెబ్బతింటుంది.

ఇప్పుడు ఔలు ఏం చేసిందో చూద్దాం, ఎందుకంటే అసలు కథ అక్కడుంది.

ఆ ఊళ్లో కార్ల రోడ్డుకు సంబంధం లేకుండా విడిగా సాగే సైకిల్ దారులు వందల కిలోమీటర్లు ఉన్నాయి. పెద్ద రోడ్లు అడ్డం వచ్చినచోట సైకిళ్లు వాటి కిందనుంచి పోతాయి. ఆగే అవసరం తక్కువ, అంటే ఐసు మీద బ్రేకు వేసే అవసరం తక్కువ. మంచు కురిసిన రాత్రి ముఖ్యమైన సైకిల్ దారులను ఉదయం ఏడింటికల్లా, అంటే బడికీ పనికీ జనం బయల్దేరేలోపే, యంత్రాలతో ఊడ్చేస్తారు. తారు బయటపడేదాకా గీకరు. అడుగున ఒక మంచు పొరను అణిచి ఉంచి, పళ్లున్న బ్లేడుతో దాన్ని గరుకు చేస్తారు, పైన సన్నటి కంకర చల్లుతారు. ఉప్పు చల్లరు.

ఉప్పు ఎందుకు వద్దో కాస్త వివరంగా చెప్పాలి. ఉప్పునీరు ఏ పాళ్లలో కలిపినా మైనస్ 21 వరకే ద్రవంగా ఉండగలదు. రోడ్డు మీద చల్లే మోతాదులకు మైనస్ 8, 10 దాటితే అది దాదాపు పనిచేయదు. ఆపైన కార్ల రోడ్డు మీద వేల టైర్ల బరువు ఉప్పును మంచులోకి నలిపి, కరిగిన నీటిని పక్కకు చిమ్ముతుంది. సైకిల్ టైర్లకు అంత బరువెక్కడిది? ఉప్పు చల్లిన సైకిల్ దారి సగం కరిగిన ముద్దగా మిగిలిపోతుంది, అందులో చక్రం దిగబడి అడ్డదిడ్డంగా తిరుగుతుంది. రాత్రికి ఆ చాళ్లే గడ్డకట్టి రాళ్లవుతాయి. అందుకే సున్నాకు అటూ ఇటూ ఊగిసలాడే స్టాక్‌హోమ్ లాంటి ఊళ్లు వేరే దారి పట్టాయి: ముందు గుండ్రటి బ్రష్షుతో మంచును తారు దాకా తుడిచేసి, ఆ తరవాతే పల్చగా ఉప్పునీరు కొడతారు. ఒక ఊరి పద్ధతి ఇంకో ఊరికి పనికిరాదు. ఆ ఊరి ఉష్ణోగ్రతను బట్టే పద్ధతి ఉండాలి.

ఫలితం ఏమిటంటే ఔలులో నడిచలికాలంలో కూడా ఊళ్లో జరిగే ప్రయాణాల్లో దాదాపు 12 శాతం సైకిల్ మీదే జరుగుతాయి. చలికాలపు సైకిల్ మీద మొదటి అంతర్జాతీయ సమావేశం 2013లో ఆ ఊళ్లోనే జరిగింది. స్వీడన్‌లో లింషోపింగ్, లూలియో అనే రెండు ఊళ్ల ఉద్యోగులను అడిగి ఆనా బెరిస్ట్రోమ్, రోల్ఫ్ మాగ్నుసన్ 2003లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇటే చూపిస్తుంది: దారులను బాగా ఊడ్చితే చలికాలపు సైకిల్ ప్రయాణాలు 18 శాతం పెరగవచ్చని, కారు ప్రయాణాలు 6 శాతం తగ్గవచ్చని వాళ్ల అంచనా. ఊడ్చే వరసను మార్చడానికి డబ్బుకన్నా మనసు ముఖ్యం. స్వీడన్‌లోనే కార్ల్‌స్కూగా అనే చిన్న ఊరు ముందు కార్ల రోడ్లు, చివర్లో కాలిబాటలు అనే పాత వరసను తిరగేసింది. కారు నాలుగంగుళాల మంచులోంచి పోగలదు. పిల్లల బండి తోసుకెళ్లే తల్లి, సైకిల్ తొక్కే విద్యార్థి పోలేరు. ఇంత చిన్న విషయం ఊరి లెక్కల్లోకి ఎక్కడానికి అన్నేళ్లు పట్టిందంటే, రోడ్డంటే కారుదేనన్న అలవాటు ఎంత లోతుగా పాతుకుపోయిందో చూడండి.

మన సంగతి చూసుకుంటే బాధేస్తుంది. లంబసింగి, ఆదిలాబాద్ లాంటి చోట్లు తప్పిస్తే మన చలికాలం సైకిల్‌కు పండగలాంటిది. హైదరాబాదులో డిసెంబరు, జనవరి ఉదయాలు మామూలుగా 14, 15 డిగ్రీలు. చెమట పట్టదు, ఐసు లేదు, మేకుల టైర్లతో పనిలేదు. మన చలికాలానికి ఉన్న ఒకే ఒక చిక్కు గాలిలో ఉంది. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి అడుగునే ఉండిపోతుంది. పైనున్న వెచ్చటి గాలి దానికి మూతపడుతుంది. పొగ, ధూళి ఆ మూత కింద చిక్కుకుంటాయి. ఎండెక్కి నేల వెచ్చబడితే గాని, అంటే తొమ్మిది పది గంటలకు గాని, ఆ మూత తెరుచుకోదు. కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలిస్తే, సైకిల్ తొక్కేవాడు ముప్పై, నలభై లీటర్లు పీలుస్తాడు. కాబట్టి వీలున్నవాళ్లు కాస్త ఎండ వచ్చాకే బయల్దేరాలి, లారీలు బస్సులు తిరిగే పెద్దరోడ్డు వదిలి లోపలి వీధుల్లోంచి పోవాలి.

2023లో హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. మంచి దారే, ఆదివారం పొద్దున చాలామంది సరదాగా తొక్కుతున్నారు. కానీ పిల్లల్ని బడికి, పెద్దల్ని పనికి చేర్చాల్సిన దారి ఇళ్ల మధ్యనుంచి బడి గేటు దాకా ఉండాలి. అది గాజుపెంకులు, ఇసుక, పార్కు చేసిన బండ్లు లేకుండా ఉండాలి. ఈసారి మీ వార్డుకు ఓట్లడగడానికి ఎవరొచ్చినా ఒకే ప్రశ్న వేయండి: మా పిల్లల బడిదాకా సైకిల్ దారి ఎప్పుడు వేస్తారు, దాన్ని పొద్దున ఏడింటికల్లా ఎవరు ఊడుస్తారు?